శేషన్న బోరూ సమసమాజమూ

మనిషి పుట్టుకతో స్వార్థపరుడు కాడనీ, సొంత ఆస్తి అనే జబ్బు అంటుకున్నాకే అలా తయారవుతాడనీ శేషన్న సారు కర్నూలులో ఒక కాలేజీలో ముప్పై రెండేళ్లు పాఠం చెప్పాడు. ఆ పాఠం విన్న పిల్లల్లో కొందరు కాంట్రాక్టర్లయ్యారు, కొందరు వడ్డీ వ్యాపారంలోకి దిగారు, ఇద్దరు రాజకీయాల్లో చేరి ఆ జబ్బును బాగా ముదరబెట్టుకున్నారు. అయినా సారు నమ్మకం చెక్కు చెదరలేదు. రిటైరయ్యాక కమలాపురం దగ్గర వంక ఒడ్డున మూడు వందల చీనీ, అంటే బత్తాయి, చెట్ల తోట చూసుకుంటూ, సాయంత్రం పూట బస్టాండు ఎదుటి టీ హోటల్లో ఆ పాఠాన్నే ఫీజు లేకుండా చెబుతున్నాడు. తోట ఎవరిదని అడిగితే "మా ఇంటామెది" అంటాడు. అబద్ధం కాదు. వేదికలెక్కి తనకు సెంటు భూమి లేదని చెప్పుకోవడానికి వీలుగా, పెళ్లయిన కొత్తల్లోనే పాసుపుస్తకం భార్య తిరుపతమ్మ పేరు మీదికి మార్పించాడు. ఆస్తిని అంత సులువుగా వదిలించుకున్నవాడు జిల్లాలో ఇంకొకడు లేడు.

హోటల్లో ఆయనకు ఎదురు బెంచీ బామ్మర్ది వీరభద్రది. తిరుపతమ్మకు సొంత తమ్ముడు. రోడ్ల పనులూ చెరువు పనులూ కాంట్రాక్టుకు చేసి, మిగిలిందంతా తెచ్చి బావ తోట పక్కనే ఆరు వందల చీనీచెట్ల మొదట్లో పోశాడు. అతనికి చదువు తక్కువ, నోరు ఎక్కువ.

"మనిషి బుద్ధి మారదు బావా. చేతికి దొరికింది వదలడు. సమానం సమానం అంటాండావు గానీ, నీ గ్లాసులో టీ నాకు సగం పోస్తావా?" అనేవాడు.

"అడిగితే ఎవురైనా పోస్తారు. అడక్కముందే పోసే రోజు రావల్ల. అదీ సమసమాజం."

"ఆ రోజు వచ్చేలోపల టీ చల్లారిపోతాది."

హోటలంతా నవ్వేది. శేషన్న కూడా నవ్వేవాడు. పోసింది మాత్రం ఎవరూ చూడలేదు.

ఈ ఏడు ఎండలు మొదలైన నెలకే వంక ఒడ్డున ఉన్న ఆరు తోటల్లో ఐదు బోర్లు గాలి కక్కాయి. ఆరోది, అంటే శేషన్నది, గంట నడిస్తే రెండు గంటలు పడుకునేది. ఆ సమయంలో సారు మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వడానికి కర్నూలు పోయాడు. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి తోటలో బోరు బండి నిలబడి ఉంది. తిరుపతమ్మ ఎర్రగుంట్ల నుంచి తెంకాయతో నీళ్ల జాడ చూసే మనిషిని పిలిపించింది. ఆయన అరచేతిలో తెంకాయ అడ్డంగా పెట్టుకుని తోటంతా తిరిగాడు. తూర్పు గట్టు దగ్గరికి పోగానే తెంకాయ లేచి నిలబడిందట. అక్కడే సున్నంతో గుర్తు పెట్టి బోరు వేయిస్తే ఏడు వందల నలభై అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. నాలుగించుల ధార.

శేషన్నకు రెండు గంటలపాటు చాలా కోపం వచ్చింది. తర్వాత నీళ్లకింద చేతులు పెట్టి మొహం కడుక్కున్నాడు. సాయంత్రానికల్లా, తెంకాయ నిలబడటం కాకతాళీయమనీ, నీళ్లు పడటం మాత్రం భౌతిక సత్యమనీ తేల్చేశాడు. తిరుపతమ్మ బోరుకు పసుపు కుంకుమ పెడుతుంటే అడ్డు చెప్పలేదు.

పక్క ఐదు తోటల్లో ఆకు ముడుచుకుంటోంది. అందులో వీరభద్రది పెద్ద తోట, నారాయణవీ మరో ఇద్దరివీ నడిమితరం. అన్నిటికంటే చిన్నది జీవమ్మది. అరవై చెట్లు. పదేళ్ల కింద మొగుడు పోయిన ఏడాదే అంటు మొక్కలు తెచ్చి తానే గుంతలు తీసి నాటుకుంది. అరవై చెట్లలో ఏ కొమ్మ ఎటు వాలిందో చూడకుండా చెప్పగలదు. ఆమెకు వేరే భూమి లేదు, వేరే దిక్కు లేదు. ఆ చెట్లకు పది పదిహేను రోజుల్లో తడి అందకపోతే వేరుతో సహా ఎండిపోతాయని వంక ఒడ్డున అందరికీ తెలుసు. శేషన్నకూ తెలుసు.

ముందు వచ్చింది వీరభద్ర. ఎప్పుడూ హోటల్లో కలవడమే తప్ప ఇంటికి రాని బామ్మర్ది చెప్పులు గడప బయట విడిచి, గోడ మీది గడ్డాల పెద్దల పటాలకు నమస్కారం కూడా పెట్టి కూర్చున్నాడు.

"బావా, నేను శానా ఆలోచించినా. నువ్వు చెప్పేది కరెక్టు. భూమి కింద నీళ్లకు గట్లు యాడుంటాయి? అది ప్రకృతి సొత్తు. అందురిదీ."

తన మాట తనకే ఇంత స్పష్టంగా వినబడటం శేషన్నకు అదే మొదటిసారి. అది ఇంత ఇబ్బందిగా ఉంటుందని ఆయన అనుకోలేదు.

"నువ్వు మారినందుకు సంతోషం వీరభద్రా. కానీ తొందరపడగూడదు. పరిస్థితులు పండల్ల."

"పండేది యాడిది బావా, ఎండిపోతాండాయి."

"అదే చెప్తాండా. అవసరం పుట్టినప్పుడు మాత్రమే సమానం కావాలనుకునేది సమానత్వం కాదు, అవకాశవాదం. ముందు మనుషుల్లో మార్పు రావల్ల."

"నీళ్లు రానీ బావా, మార్పు ఎనక వస్తాది."

వీరభద్ర పోయాక శేషన్న గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మనిషి స్వభావం గురించి బామ్మర్ది ఇన్నేళ్లు చెప్పిన దాంట్లో కొంత నిజముందేమో అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే ఆ అనుమానం బామ్మర్ది మీదికి తిప్పి, తన మీదికి రాకుండా చూసుకున్నాడు. అలా తిప్పడంలో ఆయనకు ముప్పై రెండేళ్ల అనుభవం ఉంది. తర్వాత తెల్ల కాగితాల దస్తా తీసి, పైన 'ఉమ్మడి నీటి వినియోగం: ఒక చర్చాపత్రం' అని రాసి కింద గీత గీశాడు.

చర్చాపత్రం పన్నెండు పేజీలైంది. పన్నెండు రోజులు పట్టింది. రోజుకొక పేజీ చొప్పున సమసమాజం దగ్గర పడుతుంటే, రోజుకొక వరుస చొప్పున పక్క తోటల్లో ఆకు రాలుతోంది.

ఆ పన్నెండు రోజుల్లోనే ఒకనాటి పొద్దున తోటకు పోయిన శేషన్నకు జీవమ్మ కనిపించింది. బోరు దగ్గరి తొట్టిలో బిందె ముంచుకుని, గట్టు దాటి పోయి, చెట్టు మొదట్లో పోసి మళ్లీ వస్తోంది. చెట్టుకు ఒక బిందె. తోట కాపలా ఉండే ఈరప్ప తొట్టి పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నాడు. ఈరప్పది కోసిగి దిక్కు. అక్కడ వానల్లేక పెళ్లాం పిల్లలు మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు పోతే, తాను ఇక్కడ జీతానికి ఉన్నాడు.

"ఎన్నాళ్లనించి ఇది?" అని శేషన్న ఈరప్పను పక్కకు పిలిచి అడిగాడు.

"ఐదు దినాలాయ సార్. తొట్టి నిండి పొర్లిపోయే నీళ్లే గదా."

శేషన్న జీవమ్మ దగ్గరికి పోయాడు. ఆమె బిందె దించి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అమ్మా జీవమ్మా, నీకు నీళ్లు వద్దని నేను అనడం లేదు. కానీ ఇట్లా పొర్లిపోయేవి పట్టుకుపోవడం నీ మర్యాదకు తగదు. ఇది బిచ్చం మాదిరి అయితాది. నీకు ఈ నీళ్లు హక్కుగా రావల్ల. హక్కుగా వచ్చేదాకా ఓర్చుకో. ఒకరి దయ మీద ఒకరు బతికితే వ్యవస్థ ఎప్పటికీ మారదు."

జీవమ్మకు అందులో సగం అర్థమైంది. అర్థమైన సగం చాలు. "ఎన్ని దినాలు ఓర్చుకోవల్ల సారూ?" అంది.

"త్వరలోనే. పత్రం అయిపోవచ్చింది."

ఆమె నిండిన బిందె వంక చూసింది. ఆ ఒక్కటీ పట్టుకుపోవచ్చో లేదో అడగడానికి కూడా మొహమాటపడి, తొట్టిలో వంచేసి ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఈరప్ప నేల చూపులు చూశాడు. శేషన్నకు మనసులో ఎక్కడో కలుక్కుమంది గానీ, వ్యక్తిగత కరుణకు లొంగిపోకుండా నిలబడ్డందుకు తనను తాను మెచ్చుకుని ఇంటికి పోయాడు.

పత్రం పూర్తయ్యేలోపు వీరభద్ర తక్కిన తోటలవాళ్లను కూడగట్టాడు. ఆదివారం పొద్దున బోరు దగ్గరే సమావేశం పెట్టమన్నాడు. పత్రం చదివాక ఓట్లు వేసి తేల్చుకుందాం అన్నాడు.

"నీళ్లు లేనోళ్లు ఐదు మంది, ఉండేది మేమొక్కరం. ఐదు చేతులు లేస్తాయి, ఒకటి లేవదు. దీన్ని ప్రజాస్వామ్యం అంటారా వీరభద్రా? ఇది మందబలం."

"నువ్వే గదా బావా, జనం ఎక్కువమంది ఏమంటే అదే న్యాయం అని హోటల్లో బల్ల గుద్ది చెప్తాంటివి."

"అది వేరే సందర్భం. మైనారిటీ హక్కులు అనేవి కూడా ఉంటాయి."

ఈ మైనారిటీ హక్కుల గురించి శేషన్న అంతకుముందు ఏ వేదిక మీదా మాట్లాడలేదు. అవి నాలుగించుల నీళ్లతో పాటే పైకి వచ్చాయి.

ఆదివారం ఆరు తోటలవాళ్లూ బోరు షెడ్డు నీడలో కూర్చున్నారు. శేషన్న ఏడో పేజీ చదువుతుండగా నారాయణకు కునుకు పట్టింది. తొమ్మిదో పేజీలో ఓటు ఎవరికుండాలో రాసి ఉంది. బతికున్న చీనీచెట్లు ఎవరి పేరున ఉంటే వాళ్లకు ఇంటికొక ఓటు. అది చదవగానే వెనక నిలబడ్డ ఈరప్ప గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఈ నీళ్లు మల్లించేది నేను గదా. నేనూ చెయ్యెత్తల్లా?"

అందరూ శేషన్న వైపు తిరిగారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు.

"ఈరప్పా, శ్రామికుడిది నాయకత్వ పాత్ర. ఇట్లాంటి చిన్న చిన్న తోట వ్యవహారాల్లోకి నిన్ను దించడం నాకిష్టం లేదు."

"అట్లనా సార్," అని ఈరప్ప ఎండలోకి జరిగి నిలబడ్డాడు. నాయకులకు నీడలో చోటు మిగల్లేదు.

వీరభద్ర ఇంక ఆగలేదు. నీళ్లు ఆరు తోటలకూ పంచాలన్నవాళ్లు చేతులెత్తమన్నాడు. ఐదు చేతులు లేచాయి. శేషన్న తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చరిత్ర తన పక్షాన తీర్పు చెబుతుందన్నట్టు ఆకాశం వైపు చూశాడు. అప్పుడు ఆరో చెయ్యి లేచింది. అది తిరుపతమ్మది.

"పాసుపుస్తకంలో నా పేరుండాది గదా, ఓటు నాదే గదా?" అంది ఆమె. "తెంకాయాయనను పిలిపించింది నేను. బోరేయించింది నేను. మా తమ్ముని తోట, ఆ జీవమ్మ తోట కండ్ల ముందర ఎండిపోతాంటే నేను చూస్తా కూర్చోలేను. పంచండి."

శేషన్న మళ్లీ తొమ్మిదో పేజీ తిరగేశాడు. సెంటు భూమి లేనివాడికి ఓటు లేదని తన పత్రమే చెబుతోంది. ఆయన మెల్లగా లేచి, కండువా సర్దుకుని, "ఏకగ్రీవం!" అన్నాడు. "నేను ఈ రోజు కోసమే ఎదురుచూసినా. పైనుంచి నేను రుద్దితే అది దానం అయ్యేది. ఇప్పుడు మీలోంచి వచ్చింది." అందరూ చప్పట్లు కొట్టారు. నిజానికి ఆయనకు కూడా ఆ మాట నిజమేననిపించింది.

ఇంక వరుస తేలాలి. ఎవరికి ముందు, ఎవరికి వెనక. జీవమ్మ మొదటిసారి నోరు తెరిచింది.

"నాయి అరవై చెట్లే. ఒక పూట చాలు. నాకు ముందిస్తే ఎనక మీరందురూ పెట్టుకోండి. ఇంగ నాలుగైదు దినాలకంటే ఆగవు అవి."

వీరభద్ర బావ వైపు తిరిగాడు.

"బావా, మీ సిద్ధాంతంలో వరుస యాటి ప్రకారం? పెద్దోళ్లు ముందనా, చిన్నోళ్లు ముందనా?"

"పెద్ద చిన్న అనేదే లేదు. ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకు."

"అట్ల చెప్పు. నాకు ఆరు వందల చెట్ల అవసరముండాది. ఆమెకు అరవై చెట్ల అవసరం. యాది పెద్ద అవసరం?"

అది తప్పు లెక్క అని శేషన్నకు తెలుసు. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషికి దాన్ని ఖండించడానికి రెండు వాక్యాలు చాలు. కానీ ఆ లెక్క ప్రకారం పోతే తన మూడు వందల చెట్లది రెండో వంతు. ఖండిస్తే ఎన్నో వంతు అవుతుందో తెలియదు. నాలుక మీదికి వచ్చిన రెండు వాక్యాలూ అక్కడే ఆగిపోయాయి.

"ఓట్లు వేయండి," అన్నాడు.

చెట్ల సంఖ్యను బట్టి వరుస అన్నదానికి నాలుగు చేతులు వెంటనే లేచాయి. తిరుపతమ్మ ఎత్తలేదు. శేషన్న ఆమె చెవి దగ్గర వంగి, "మనవి పడమటి వరుసలో ఆకు ముడుచుకుంటాండాది, చూసినావా?" అన్నాడు. ఆమె పడమటి వరుస వైపు చూసింది. జీవమ్మ వైపు చూడలేదు. తర్వాత ఆమె చెయ్యి కూడా లేచింది. జీవమ్మ ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చుంది. ఆరింట ఐదు. ఇంత చక్కటి ప్రజాస్వామ్యం ఆ వంక ఒడ్డున అంతకుముందెన్నడూ జరగలేదు.

పైపులు వేయడానికి రెండు రోజులు పట్టింది. వీరభద్రకు నాలుగు రోజులు, తిరుపతమ్మకు రెండు, నారాయణకు రెండు, మిగిలిన ఇద్దరికీ కలిపి మూడు, చివర జీవమ్మకు ఒక పూట. బోరు షెడ్డు దగ్గర ఆరు వాల్వులు వరసగా బిగించి, ఒక్కోదాని మీద రంగుతో పేర్లు రాయించారు. శేషన్న దాని ఫొటో తీసుకుని కర్నూలులోని పాత మిత్రులందరికీ పంపాడు. మనిషి స్వభావం మారదన్న వాళ్లకు ఇదే జవాబని కింద రాశాడు. డెబ్బై మంది మెచ్చుకున్నారు. వీరభద్ర కూడా హోటల్లో అదే ఫొటో చూపించి, మనిషి తన లాభం తాను చూసుకుంటే ఊరు దానంతటదే బాగుపడుతుందని తనదైన పాఠం చెప్పాడు. ఇద్దరూ గెలిచారు. హోటల్లో ఓడినవాళ్లు ఎవరూ కనబడలేదు.

జీవమ్మ వంతు వచ్చిన పొద్దున శేషన్న ఈరప్పను పంపకుండా తానే తోటకు పోయాడు. ఆమె పేరున్న వాల్వు తన చేత్తో తిప్పాడు. పైపులో నీళ్లు కదిలిన చప్పుడు వినబడితే ఒళ్లు పులకరించింది. మాటల్లో బతికిన సిద్ధాంతం ఇన్నాళ్లకు నేల మీద పారుతోందనుకుని, ఆ సంతోషం జీవమ్మ మొహంలో చూడాలని గట్టు దాటాడు.

జీవమ్మ గొడ్డలితో చెట్లు కొడుతోంది.

అప్పటికే పద్నాలుగు నేలకూలాయి. నిలబడ్డవాటిలో ఆకన్నది లేదు. పక్కనున్న కొమ్మ ఒకటి పట్టుకుంటే పుటుక్కున విరిగి శేషన్న చేతిలోకి వచ్చింది. లోపలంతా గోధుమ రంగు. నీళ్లు వచ్చి మోడుల చుట్టూ పాదుల్లో నిండుతున్నాయి.

"వచ్చినాయా సారూ," అంది జీవమ్మ, చెమట తుడుచుకుంటూ. "బొగ్గులోళ్లు రేపు బండి తెస్తామన్నారు. అందుకే కొడ్తాండా."

"ఒక్కటి కూడా బతకలేదా?"

"మీ వంతు నడిచే దినాల్లో మూడు చెట్లు పచ్చగానే ఉండె సారూ. గట్టు పక్కనివి."

"అప్పుడే వచ్చి చెప్పచ్చు గదమ్మా! మూడు చెట్లకు నీళ్లు ఎంత?"

జీవమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం కూడా లేదు. "అడుక్కోవద్దంటిరి గదా. హక్కుగా వచ్చేదాకా ఓర్చుకోమంటిరి. ఓర్చుకుంటి."

శేషన్నకు తల కొట్టేసినట్టయింది. ఆమె కాళ్ల మీద పడాలనిపించింది గానీ, ఈరప్ప అటువైపు నుంచి చూస్తున్నాడని నిలబడే ఉన్నాడు.

"నీళ్లు ఊరికే పోతాండాయి సారూ. కట్టేయండి. ఎవురికన్నా పనికొస్తాయి."

ఆయన గట్టు దాటి షెడ్డు దగ్గరికి వచ్చి ఆమె వాల్వు కట్టాడు. వరుస ప్రకారం తర్వాతి వంతు మళ్లీ వీరభద్రది. అది మొదలు కావడానికి ఇంకా సగం పూట ఉంది. ఆ సగం పూట నీళ్లు ఎవరివో పత్రంలో ఎక్కడా రాయలేదు. శేషన్న ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పోయి తిరుపతమ్మ పేరున్న వాల్వు తిప్పింది.

జీవమ్మ అక్కడి నుంచే చూసింది. "పోనీలే సారూ, మీ చెట్లన్నా బతకనీండి," అని మళ్లీ గొడ్డలి అందుకుంది.

శేషన్నకు ఏడుపొచ్చింది. దొంగ ఏడుపు కాదు, కడుపులోంచి వచ్చిన ఏడుపు. వాల్వు పక్కనే నిలబడి కండువాతో కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు ఏడ్చాడు. తన తోటలో మొదటి వరుస పాదులు నిండాయి, రెండో వరుస నిండింది, మూడో వరుసలోకి నీళ్లు మళ్లాయి. వాల్వు మాత్రం ఆయన కట్టలేదు.